బిల్లు మీద ఈ యాభై ఎవరికి?

గ్యాస్ కంపెనీ ఏరియా మేనేజర్ గారికి,

వరంగల్ శివనగర్ నుంచి రాస్తున్నాను సార్. సిలిండర్ తెచ్చే అబ్బాయి ప్రతిసారీ బిల్లు మీద యాభై రూపాయలు అడుగుతున్నాడు. ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లో ఒక రేటు, గుమ్మం దగ్గర ఇంకో రేటు. సిలిండర్ ఇంకా బండిలో ఉండగానే ఓటీపీ చెప్పమంటాడు, యాభై చేతిలో పడ్డాకే దించుతాడు. ఎందుకయ్యా అంటే "డీజిల్ రేటు చూస్తలేరా అక్కా" అంటాడు.

చూడకేం! మా ఆయన హన్మకొండ చౌరస్తా నుంచి వరంగల్ స్టేషన్‌కి షేర్ ఆటో నడుపుతాడు. 2014 అక్టోబర్‌లో డీజిల్ మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు, 2017 జూన్‌లో రోజూ రేటు సవరించే పద్ధతి పెట్టారు, ఆ సంస్కరణలేంటో మాకు బంకు దగ్గరే తెలుస్తుంది. అలాగని ఆయన ప్యాసింజర్‌ని పది రూపాయలు ఎక్కువ అడిగితే దిగిపోయి బస్సెక్కుతారు, పైగా 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమాయె. పెరిగిందంతా మా కూరగాయల డబ్బుల్లోంచే పోతుంది గానీ ఇంకొకరి మీద వేయలేం.

పోనీ తగ్గినప్పుడేం చేశారు? 2022 మేలో కేంద్రం డీజిల్ మీద ఎక్సైజ్ సుంకం లీటరుకు 6 రూపాయలు తగ్గించింది, 2024 మార్చిలో రేటు ఇంకో 2 రూపాయలు దిగింది. ఈ అబ్బాయి అడిగేది మాత్రం ఎన్నడూ రూపాయి తగ్గలేదు. అసలు ఇంటికి తెచ్చిచ్చే ఖర్చు బిల్లులోనే కలిసి ఉంటుంది కదా?

మాకు రాష్ట్ర ప్రభుత్వం 500 రూపాయల సిలిండర్ పథకం ఉంది. ముందు మొత్తం కట్టాలి, మిగతాది తర్వాత ఖాతాలో పడుతుంది. ఈ యాభై ఏ ఖాతాలోనూ పడదు.

ఏజెన్సీకి ఫోన్ చేస్తే "ఇష్టముంటే ఇవ్వండి, బలవంతం లేదు" అన్నారు. ఇవ్వకపోతే ఆ తర్వాతి సిలిండర్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. 14.2 కిలోలు ఉందో లేదో తూచి చూపించమంటే త్రాసు ఆఫీసులో ఉందట. అబ్బాయి మీద నాకు కోపం లేదు సార్, వాడికి జీతం సరిగ్గా ఇస్తున్నారో లేదో ముందు అది కనుక్కోండి.

బిల్లు ఎంతుంటే అంతే తీసుకోవాలని, బండిలో త్రాసు పెట్టాలని ఏజెన్సీకి రాసి, ఆ కాపీ నాకు పంపండి. జవాబు రాకపోతే మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు పట్టుకుని పౌర సరఫరాల అధికారి దగ్గరికి పోతాం, మా గల్లీలో ఇంకొందరు కూడా వస్తామంటున్నారు. కన్జ్యూమర్ నంబర్, బిల్లుల ఫొటోలు దీంతో పంపుతున్నాను.

ఇట్లు,
శివనగర్ వినియోగదారురాలు