ఆరు గంటలు పెట్టెలో కూర్చోవాలి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్? ఫోన్‌లో చెబితే రెండో మాటకే అడ్డం పడతావు, అందుకే ఉత్తరం. 'ప్రైమర్' అని 2004లో వచ్చిన అమెరికన్ సినిమా ఒకటుంది. నిడివి 77 నిమిషాలే. నువ్వు చూసి తీరాలి. చూశాక నన్ను తిట్టుకుంటావేమో, అది వేరే సంగతి.

నువ్వెలాగూ మొదట అడిగేది డబ్బు గురించే కాబట్టి అదే ముందు చెప్పేస్తా. ఏడు వేల డాలర్లలో తీశారు. షేన్ కరూత్ అని, లెక్కలు చదువుకుని కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్ పని చేసిన మనిషి. కథ రాసింది, తీసింది, ఎడిటింగ్ చేసింది, సంగీతం కట్టింది అంతా ఆయనే. పైగా ఇద్దరు హీరోల్లో ఒకడు కూడా ఆయనే. ఫిల్మ్ మీద తీయడం వల్ల రీలు ఆచితూచి వాడుకున్నారు, చాలా షాట్లకు ఒక్క టేకే. ఆ సినిమాకి సన్‌డాన్స్ అనే అమెరికా చిత్రోత్సవంలో గ్రాండ్ జ్యూరీ బహుమతి వచ్చింది.

కథేమిటంటే, ఏరన్, ఏబ్ అని ఇద్దరు ఇంజినీర్లు. పగలు ఉద్యోగం, రాత్రి గ్యారేజీలో ప్రయోగాలు. వస్తువు బరువు తగ్గించే యంత్రం చేద్దామని మొదలుపెడతారు. పెల్లేడియం అనే లోహం కావాల్సివస్తే కారు సైలెన్సర్ దగ్గరుండి పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోంచి తీస్తారు. బరువు తగ్గుతుంది గానీ, లోపల పెట్టిన బొమ్మ మీద బూజులాంటిదేదో పేరుకుంటుంది. అది కొన్ని రోజుల్లో అంత పేరుకునే రకం కాదు, ఏళ్ళు పట్టాలి! ఏబ్‌కి అనుమానమొచ్చి వాచీ పెట్టి చూస్తాడు. బయట ఒక్క నిమిషం గడిస్తే లోపలి వాచీలో పదమూడు వందలకు పైగా నిమిషాలు గడుస్తాయి. వాళ్ళు వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి: కాలంలో వెనక్కి వెళ్ళే దారి. అప్పుడు ఏబ్ మనిషి పట్టే పెట్టె కడతాడు.

ఇక్కడే నాకు సినిమా తెగ నచ్చేసింది. మామూలుగా ఇలాంటి కథల్లో మీట నొక్కితే మెరుపొచ్చి నిన్నటికి వెళ్ళిపోతారు కదా? ఇందులో అలా కుదరదు. పొద్దున పెట్టెను ఆన్ చెయ్యాలి. అదీ తిన్నగా కాదు, టైమర్ పెట్టి, తను దూరంగా వెళ్ళిపోయాక ఆన్ అయ్యేలా. లేకపోతే అందులోంచి బయటికొస్తున్న తనకు తనే ఎదురుపడతాడు! తర్వాత ఆ రోజంతా హోటల్ గదిలో కర్టెన్లు వేసుకుని, ఫోన్ పీకేసి, ఎవరికంటా పడకుండా గడపాలి. ఆరు గంటలయ్యాక వచ్చి పెట్టెలో దూరి, ఆక్సిజన్ సిలిండర్ పక్కన పెట్టుకుని, ఇంకో ఆరు గంటలు చీకట్లో కూర్చోవాలి. అప్పుడు తలుపు తీస్తే మళ్ళీ పొద్దున్నే. ఆరు గంటలు వెనక్కి పోవాలంటే ఆరు గంటల జీవితం కట్టాల్సిందే, తగ్గింపు లేదు. పెట్టె ఆన్ చేసిన క్షణం కంటే వెనక్కి వెళ్ళడం అసలు కుదరదు. మరి భవిష్యత్తు నుంచి ఇంతవరకూ ఎవరూ ఎందుకు రాలేదని నువ్వు వాదించేవాడివి చూడు, దానికి ఇంతకంటే శుభ్రమైన జవాబు నేనెక్కడా వినలేదు.

గ్రాఫిక్స్‌కి డబ్బు లేకపోవడం కూడా కలిసొచ్చిందనే నా నమ్మకం. వాళ్ళ మొదటి గొప్ప దృశ్యంలో మెరుపులేమీ ఉండవు. ఇద్దరూ దూరంగా నించుని బైనాక్యులర్‌లో చూస్తుంటారు, అంతే. ఏబ్ పక్కనే ఉన్నాడు, పెట్టె దాచిన అద్దె గోదాముల్లోకి నడిచి వెళ్తున్నదీ ఏబే. నాకు ఒళ్ళు జలదరించింది.

ఇంతటి యంత్రంతో ముందు ఏం చేస్తారనుకున్నావ్? షేర్లు కొంటారు! పెరిగినవేవో సాయంత్రం చూసుకోవడం, పొద్దుటికి వెళ్ళి అవే కొనుక్కోవడం. నువ్వూ నేనూ అయినా అదే చేస్తాంలే, నీతులు చెప్పకు. తర్వాత చెవిలోంచి రక్తం, చేతిరాత కుదరకపోవడం, ఒకసారి జేబులో మర్చిపోయిన సెల్ ఫోన్ మోగి పెద్ద టెన్షన్. అన్నిటికంటే నన్ను కుదిపింది మాత్రం, ఆ ఇద్దరిలో ఒకడు రెండోవాడికి చెప్పకుండా ఇంకో పెట్టె ఎప్పుడో ఆన్ చేసి దాచుకోవడం. ఎందుకైనా మంచిదని, అంతే. అక్కణ్ణించి ఎదురుగా మాట్లాడుతున్నవాడు ఈ మాటలు ఇప్పుడు మొదటిసారి అంటున్నాడా, ఇదివరకే విని మళ్ళీ నటిస్తున్నాడా అన్నది తెలీదు. చిన్ననాటి స్నేహమైనా సరే, దానికి నిలుస్తుందా చెప్పు?

నాకు కోపం తెప్పించినవీ ఉన్నాయి. చివరి ఇరవై నిమిషాలు మరీ పరుగు. గ్రేంజర్ అనే పెద్దాయన హఠాత్తుగా గడ్డం పెరిగి కనిపిస్తాడు, అంటే ఆయనా పెట్టె వాడినట్టే. పెట్టె సంగతి ఆయనకెవరు చెప్పారో సినిమా చెప్పదు. వాళ్ళకీ తెలీదు కాబట్టి మనకీ తెలియకూడదని సమర్థించుకోవచ్చు. నేను సగమే ఒప్పుకుంటా. కానీ మొదట్లో ఆ ఇంజినీర్లు మనకు అర్థం కాని భాషలో గబగబా మాట్లాడుకుంటుంటే కంగారుపడి ఆపేయకు. పాఠం అర్థం కాకపోయినా ఎవడు ఎవణ్ణి దాటాలని చూస్తున్నాడో మొహాల్లో కనిపిస్తుంది.

ఇంటర్నెట్‌లో ఈ సినిమా కాలక్రమం మీద జనం గీసిన పటాలు బోలెడున్నాయి. చూసేముందు వాటి జోలికి పోవద్దు. చూశాక మాత్రం, గ్రేంజర్‌కి ఆ సంగతి చేరవేసింది ఎవరో నీ లెక్క నాకు రాయి. నాకు ఏబ్ మీదే అనుమానం.

నీ
రఘు