సూర్యలంక నుంచి వచ్చాక

చిట్టీ,

నిన్న రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాను. బాగానే ఉన్నాను, మోకాళ్లు కూడా బాగానే ఉన్నాయి, నువ్వు అడగలేదు కానీ చెప్తున్నా. నేను పెట్టిన మెసేజ్‌లకు నీలం గీతలు పడుతున్నాయి, జవాబు మాత్రం రావట్లేదు, ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా. ఆఫీసులో చదవకు, రూముకు పోయి అన్నం తిన్నాక చదువు.

సూర్యలంక బీచికి నేనొక్కదాన్నే పోవడం ఇదే మొదటిసారి. మిల్లు మామ అయితే "ఈ వయసులో ఒక్కదానివి సముద్రానికి పోవుడేంది వదినా" అని రెండు రోజులు గొడవ చేసి, చివరికి తనే మిర్యాలగూడ స్టేషన్‌లో దింపి నీళ్ల సీసా కొనిచ్చాడు. విష్ణుపురం దాటాక కృష్ణ మీద బ్రిడ్జి వచ్చినప్పుడు అలవాటుగా రూపాయి బిళ్ళ తీసి పక్కకు చెయ్యి చాపాను, నీకిద్దామని. పక్కన ఎవరో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. గుంటూరులో దిగి బాపట్ల పోయేసరికి ఎండ మండిపోతోంది, అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లు ఆటో. అదే హోటల్, అదే మూల గది, సరుగుడు చెట్ల వైపుది. వంటాయన నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నేను తీసుకుపోయిన బత్తాయిలు చూసి "నల్లగొండవేనా అమ్మా" అన్నాడు గానీ సార్ ఏరని అడగలేదు. అప్పుడే నాకు ఎట్లనో అనిపించింది. మీ నాయిన పోయిన సంగతి ఆయనకు ఎవరు చెప్పి ఉంటారు? ఆయన పోయాక మనం ఎవరం అటు పోలేదు కదా. పోలేదనే అనుకున్నా.

సరే, ఆ మాట తర్వాత.

పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకు పోకూడదట, చేపలు గుడ్లు పెట్టే కాలమని. పొద్దున వలలు బాగుచేసుకుంటున్న వాళ్ల దగ్గర కూర్చున్నా. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా, ఆ రోజు గాలి ఎట్లా వచ్చిందో ఒకామె చేతులు తిప్పుతూ చెప్పింది. టీవీలో బాపట్ల పేరు వినగానే మీ నాయిన ఆ హోటల్‌కు ఫోన్ చేసి అందరూ బాగున్నారా అని అడిగిండు, గుర్తుందా. మన చుట్టాలకు చేసినట్టే చేసిండు.

ఇంకో మాట, ఇది బాగా గుర్తుపెట్టుకో. అక్కడ అలలు విరిగే చోట ఆ లాగుడు భయం తక్కువ. రెండు పక్కలా అలలు విరుగుతూ నడుమ ఒకచోట మాత్రం నీళ్లు నున్నగా, కొంచెం ముదురు రంగులో కనిపిస్తే అక్కడ దిగొద్దు. ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోయే దారి అదే. పొరపాటున లాగితే ఒడ్డు వైపు ఈదకూడదు, బలమంతా అయిపోతుంది. ఒడ్డు వెంబడే పక్కకు ఈదాలి, లాగుడు తగ్గాక అప్పుడు ఒడ్డుకు రావాలి, ఈత సరిగ్గా రానివాళ్లు చెయ్యి ఎత్తి అరుస్తూ తేలుతూ ఉండాలి. నీకేమో సాగర్ కాలువలో నేర్చుకున్న ఈత, కాలువలో నీళ్లు ఒకే వైపు పోతాయి, సముద్రం అట్లా కాదు. మోకాలి లోతు దాటి ఒక్కదానివి దిగకు. దిగావా?

నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు అవ్వ కోసం సముద్రం తీసుకొస్తానని సీసా నింపావు చూడు, మొన్నంతా అదే గుర్తొచ్చింది. అవ్వ మర్రిగూడ దాటి పెద్దగా ఎక్కడికీ పోయిన మనిషి కాదు, ఫ్లోరైడు నీళ్లు తాగీ తాగీ నలభై ఏళ్లకే నడుము వంగిపోయింది, రైలెక్కలేదు. అందుకని నువ్వు సీసా నిండా నీళ్లు పట్టి, కాస్త ఇసుక కూడా వేసి, బిరడా మీద దారం చుట్టావు. రైల్లో ఎవ్వరినీ ముట్టనివ్వలేదు. సత్తెనపల్లి దగ్గర మీ నాయిన నిద్రమత్తులో అదే సీసా తీసి ఒక గుక్క తాగి కిటికీలోంచి ఉమ్మేస్తే, సముద్రం తగ్గిపోయిందని నువ్వు మిర్యాలగూడ దాకా ఏడ్చావు. ఇంటికొచ్చాక అవ్వ ఆ నీళ్లు ఇత్తడి చెంబులో పోయించుకుని, కళ్లకద్దుకుని, నాలుక మీద ఒక్క చుక్క వేసుకుంది. "గిన్ని నీళ్లుండి ఒక్క గుక్క తాగరాదా, పాపం ఆ ఊరోళ్లు ఎట్ల బతుకుతున్నరో" అంది. అంత బాధపడిన మనిషి, వాళ్ల మీద జాలిపడింది. మిగిలిన నీళ్లు నేను బడికి పట్టుకుపోయి ఏడో తరగతికి స్టవ్ మీద మరిగించి చూపించా. సముద్రం నీళ్లు లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు, గిన్నె అడుగున తెల్లగా మిగిలింది. మన నీళ్లలో ఫ్లోరైడుకైతే రంగుండదు, వాసనుండదు, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే కీడు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి దాన్ని తీసే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారని చెప్తుంటే నువ్వు వెనక బెంచీలో లేచి "మరి అవ్వకు ఎవరూ ఎందుకు చెప్పలేదు" అన్నావు. నాకు జవాబు రాలేదు.

బయల్దేరే రోజు బిల్లు కడుతుంటే కౌంటర్ దగ్గరి పిల్లవాడు లోపలికి పోయి ఒక స్టీలు డబ్బా తెచ్చి ఇచ్చాడు. "పోయిన నెల మీ అమ్మాయిగారు వచ్చి మర్చిపోయారండి, ఫోన్ చేస్తే ఎత్తలేదు" అన్నాడు. మూత మీద మీ నాయిన పేరు, మా పెళ్లి సంవత్సరం. ఇంట్లో ఆ డబ్బా కనబడక పనిమనిషిని కూడా అడిగాను, పాపం ఆమె ఎంత నొచ్చుకుందో. రెండు రోజులున్నారు, మూల గదే అడిగారు అన్నాడు. తేదీలు చెప్పాడు. నాయిన సంవత్సరీకానికి నీకు లీవు దొరకలేదన్న రోజులే అవి. నేను సూర్యలంక పోతున్నానని నీకు చెప్పిన రోజు నుంచే నీ మాట ఆగింది, ఆ లెక్క నాకు రైల్లో కుదిరింది.

కోపం లేదు బిడ్డా. ఇంట్లో ఆ రోజు యాభై మంది, అయ్యగారు, వంటలు, మేనత్త ఏడుపు. నువ్వు ఆయన దగ్గర ఒక్కదానివే కూర్చోవాలనుకున్నావు, నేనూ అందుకే పోయాను. ఒక్కదానివి పోవద్దని అనను. నాకు చెప్పి పో. చెప్పకుండా పోయి, ఫోన్ ఎత్తకుండా ఉంటే, నీళ్ల దగ్గర నువ్వున్నావని తెలిసే మనిషి ఒక్కరూ లేకపోతే ఎట్లా?

వాళ్లు కడిగే ఉంచారు గానీ మూత అంచులో బెల్లం అంటుకుని ఉంది. పరమాన్నం వండుకుని పోయావా? పాలు విరిగాయా? అన్నం మెత్తగా ఉడికి, దించి, కొంచెం చల్లారాక బెల్లం వేయాలి, పొయ్యి మీద ఉండగా వేస్తే విరుగుతుంది. నాయినకు యాలకులు ఎక్కువ ఉండాలి.

డబ్బా ఖాళీగా పంపకూడదు, నువ్వుల ఉండలు చేసి నింపాను. శనివారం ఆర్టీసీ కార్గోలో వేస్తాను. వాళ్లు ఫోన్ చేస్తారు, కొత్త నంబరని ఎత్తకుండా ఉండకు. పైలం.

మీ అమ్మ