కుక్కకాటుకు సీరం ఎక్కడ, మంత్రి గారూ?

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) సిబ్బందిగా మేం అర్జీల్లో అడిగింది రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీలతో కూడిన సీరం. మీ కార్యాలయం నుంచి వచ్చే జవాబు మాత్రం ప్రతిసారీ ఒకటే: పీహెచ్‌సీల్లో టీకా నిల్వలు పుష్కలం. సంతోషం. సీరం సంగతి చెప్పండి.

టీకా వేసిన గంటకే రక్షణ వచ్చేయదు. ఒంట్లో తగినన్ని యాంటీబాడీలు తయారవడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఈలోగా గాయంలో పడ్డ వైరస్ నరాల వెంట మెదడు వైపు పాకుతుంది. పిక్క మీద కాటయితే దానికి దూరం ఎక్కువ. ముఖం మీదో తల మీదో అయితే అంత వ్యవధి ఉండకపోవచ్చు. చిన్నపిల్లల్లో కుక్క నోటికి అందేది ముఖమే కదా! ఆ నడిమి రోజులు కాపు కాసేది సీరం. లక్షణాలు కనబడ్డాక ఏ మందూ పనిచేయదు. అందుకే చర్మం చీలిన ప్రతి కాటుకూ, గతంలో పూర్తి కోర్సు వేసుకున్నవారికి తప్ప, సీరం ఇవ్వాలని జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

లెక్క కష్టమేం కాదు. గుర్రపు రక్తం నుంచి తీసే సీరం అయితే, మనిషి కిలో బరువుకు 40 యూనిట్లు. మి.లీ.కు 300 యూనిట్లుండే మందయితే 15 కిలోల పిల్లకు 2 మి.లీ., 60 కిలోల మనిషికి 8 మి.లీ. భుజానికి పొడిచి పంపేస్తే కుదరదు, గాయం లోపలా చుట్టూ ఎక్కించాలి. గాయాలు ఎక్కువై మందు చాలకపోతే సెలైన్ కలుపుకోవాలి. సీరం వికటిస్తే వెంటనే ఇవ్వడానికి పక్కన అడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి. చేయించి చూపినవారు లేక మాలో చాలామంది ఈ పనికి జంకుతాం.

మొదటి టీకా పడి 7 రోజులు దాటితే ఇక సీరం ఇవ్వరు. "పెద్దాసుపత్రికి వెళ్లండి" అని చీటీ రాసిస్తే, కూలి మానుకుని బస్సెక్కి, అక్కడా లేదనిపించుకుని తిరిగొచ్చేసరికి ఆ గడువు అయిపోతుంది.

పుష్కలమన్న టీకా అయినా సవ్యంగా పడుతోందా? మొదటి టీకా రోజును 0గా లెక్కిస్తే, చర్మంలోకి 0, 3, 7, 28 రోజుల్లో, ప్రతిసారీ రెండుచోట్ల 0.1 మి.లీ. చొప్పున వేయాలి. ఒక్కో వయల్ (మందు సీసా) కొందరికి సరిపోతుంది, కలిపాక 6–8 గంటల్లో వాడేయాలి గనుక "ఇంకో ఇద్దరు వస్తే తెరుస్తాం, రేపు రండి" అంటారు. మందు వృథా అయితే సంజాయిషీ రాయాలి, మనిషిని వెనక్కి పంపితే రాయక్కర్లేదు. గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడగాలని గోడమీద పోస్టరుంటుంది, దాని కింద కుళాయిలో నీళ్లుండవు.

కుక్కల నుంచి సోకే రేబిస్‌ను 2030 నాటికి లేకుండా చేస్తామని 2021లో కేంద్రం ప్రణాళిక ప్రకటించింది. దయచేసి సీరం పంపండి. ఎక్కించే పద్ధతి నేర్పించండి. ఒక్క మనిషి వచ్చినా వయల్ తెరవమని రాతపూర్వకంగా ఆదేశమివ్వండి. అంతవరకు ఏ ఆసుపత్రిలో సీరం ఉందో ప్రతి పీహెచ్‌సీ గుమ్మం దగ్గర బోర్డు మీద రాయించినా చాలు, జనం నేరుగా అక్కడికే వెళ్తారు.

ఇట్లు,
పీహెచ్‌సీ సిబ్బంది కొందరు