ఆ ఉప్మా తిన్నవాణ్ణి కాబట్టి

సంపాదకుడి గారికి,

అఫ్గానిస్థాన్‌కు మన ప్రభుత్వం 50 వేల టన్నుల గోధుమలు ఇస్తామనడాన్ని గుర్తుచేస్తూ, ‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత’ అని ఒక పాఠకుడు మీ లేఖల పేజీలో దెప్పిపొడిచారు. దానికి ఈ జవాబు.

1970ల మొదట్లో అనంతపురం జిల్లాలో ఒక పల్లె బడిలో చదివాను. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పళ్లేలతో వరుస కట్టేవాళ్లం. అమెరికా గోధుమ రవ్వ ఉప్మా, వాళ్ల నూనెతోనే చేసింది. రుచి అంతంతే. ఇంట్లో సంగటి ఒక్క పూటే ఉన్న రోజుల్లో రుచి ఎవరికి కావాలి? నూనె డబ్బాల మీద రెండు చేతులు కలిపిన బొమ్మ ఉండేది. ఖాళీ డబ్బా ఒకటి తెచ్చి, పిడి వేయించి, మా అమ్మ ఏళ్ల తరబడి నీళ్లు మోసింది. ఆ రోజుల్లో అమెరికాలో మాత్రం పేదలు లేరా?

సాయంలో అవమానం లేదని అనను. 1965-66లో మన దేశంలో కరువొస్తే అమెరికా అధ్యక్షుడు జాన్సన్ గోధుమ ఓడల్ని ఆచితూచి వదిలాడు. వియత్నాం యుద్ధంపై మన మాటలు ఆయనకు గిట్టలేదు. అందుకే ఇచ్చేది ఏదైనా ఐక్యరాజ్యసమితి సంస్థలైన ప్రపంచ ఆహార కార్యక్రమం, యునిసెఫ్ లాంటి వాటి ద్వారా ఇవ్వడం మేలంటాను.

ఇప్పుడు సూడాన్‌లో బక్కచిక్కిన పిల్లలకు ఇచ్చేది మా జిల్లా పంటే, అంటే వేరుశెనగ. ముద్ద చేసి పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలుపుతారు. 92 గ్రాముల పొట్లంలో 500 కేలరీలు. వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు. శుభ్రమైన నీళ్లు లేని చోట పాలపొడి కలిపి పట్టిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, ఈ ముద్దతో ఆ భయం లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు తల్లి ఇంట్లోనే తినిపిస్తే చాలామంది పిల్లలు తేరుకుంటారు.

సూడాన్‌లోని జమ్‌జమ్ నిర్వాసితుల శిబిరంలో క్షామం ఉందని 2024 ఆగస్టులో నిపుణులు తేల్చారు. ఏడాది తిరక్కుండానే, 2025 జూలై 1 నుంచి అమెరికా తన విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేసింది. బ్రిటన్ తన సాయాన్ని 2027కల్లా జాతీయాదాయంలో 0.3 శాతానికి దించుతానంటోంది. సంపన్న దేశాలు 0.7 శాతం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి తీర్మానించింది 1970లో, నేను పళ్లెం పట్టుకుని నిలబడ్డ రోజుల్లోనే!

ఆ పాఠకుడి బాధ అబద్ధం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. కానీ గోదాముల్లో ధాన్యం లేక వచ్చిన లోటు కాదది. తల్లుల రక్తహీనత, మురికినీళ్లు, పసివాళ్ల పళ్లెంలో పప్పూ గుడ్డూ తక్కువ కావడం, ఇవీ కారణాలు. కాబూల్‌కు గోధుమలు ఆపితే మన అంగన్‌వాడీలో గుడ్డు పెరగదు కదా!

వేరుశెనగ పొట్లాలు తయారుచేసే ఫ్యాక్టరీలు మన దేశంలోనూ ఉన్నాయి. ఈసారి గోధుమలతో పాటు అవీ పంపాలని కేంద్రాన్ని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా