వేలిముద్రలతో పిల్లల తెలివి తేల్చొద్దు

సంపాదకులకు నమస్కారం.

బడులు తెరవగానే కొన్ని ప్రైవేటు స్కూళ్ళలో ఒక శిబిరం పెడుతున్నారు. స్కానర్ మీద పిల్లల పది వేళ్ళ ముద్రలూ తీసుకుని, కొద్ది రోజులకు రంగురంగుల పటాలున్న లావుపాటి ఫైలు తల్లిదండ్రుల చేతిలో పెడుతున్నారు. 'మీ వాడిది కుడి మెదడు, లెక్కలు అబ్బవు', 'మీ అమ్మాయి పుట్టుకతోనే లీడర్' అని రాసి ఉంటుంది అందులో. దీని పేరు డీఎంఐటీ. ఫీజు వేలల్లో ఉంటుంది. నేను భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెబుతాను. ఈ ఫైళ్ళు పట్టుకుని నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఏటేటా ఎక్కువవుతున్నారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

వేలిముద్రలు తల్లి కడుపులోనే ఏర్పడతాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల అరచేతి గీతల్లో తేడా ఉంటుందని డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ కాస్త నిజానికి, తెలివి ఒక్కటే కాదు, చాలా రకాలు అంటూ 1983లో అమెరికా సైకాలజిస్టు హోవార్డ్ గార్డ్‌నర్ చెప్పిన బహుముఖ ప్రజ్ఞల సిద్ధాంతాన్ని అతికించి ఈ వ్యాపారం నడుపుతున్నారు. తన సిద్ధాంతానికీ వేలిముద్రలకూ సంబంధం లేదని ఆ గార్డ్‌నరే చెప్పారు. దీనికి శాస్త్రీయ ఆధారం లేదని మన దేశ మానసిక వైద్యుల సంఘం, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ, కూడా ప్రకటించింది. అయినా స్కూలు ఆవరణలో, హెడ్మాస్టరు గది పక్కనే జరుగుతుంటే నమ్మకుండా ఎలా ఉంటారు?

ఏడో తరగతి కుర్రాడొకడు ఇలాంటి ఫైలుతోనే వచ్చాడు. 'లెక్కలు బలహీనం, ఆటల్లో వేయండి' అని ఉంది. వాడేమో తండ్రి కిరాణా కొట్టులో పది సరుకుల ధరలు నోటితో కూడి చిల్లర ఇచ్చేస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం 'విద్యార్థి'ని 'విదారి' అని చదివాడు. ఒత్తులన్నీ వదిలేస్తాడు, 'ప'కూ 'ష'కూ తేడా పట్టలేడు. లెక్కల్లో సున్నాలు వచ్చింది లెక్క రాక కాదు, ప్రశ్న చదవలేక. సైకాలజిస్టుకు చూపించండి అంటే వాళ్ళమ్మ గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "మా వాడికి పిచ్చేం లేదు మేడం" అన్నారు. వేలిముద్రలకు భయపడని ఆ తల్లి అసలు పరీక్షకు భయపడింది.

ఆ భయం పోవాలంటే ఏ పరీక్ష దేనికో జనానికి తెలియాలి. తెలివితేటల పరీక్ష పుట్టిందే బడి పిల్లల కోసం. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే అనే సైకాలజిస్టు, ఆయన సహచరుడు సిమోన్ కలిసి, చదువులో అదనపు సాయం ఎవరికి కావాలో కనిపెట్టడానికి దాన్ని తయారుచేశారు. పిల్లవాడి తెలివికి అదే శాశ్వతమైన కొలత అని బినే అనలేదు, అలా అన్నవాళ్ళను ఖండించాడు కూడా. ఇప్పుడు మన దగ్గర చేసేదీ ఆ కోవలోదే. ఎరుపు తెలుపు ఘనాలు ఇచ్చి బొమ్మలో ఉన్నట్టు పేర్చమంటారు. అంకెలు చెప్పి వెనక నుంచి ముందుకు చెప్పమంటారు. సెగ్విన్ బోర్డులో పది చెక్క ఆకారాలను వాటి గుంటల్లో ఎంత త్వరగా పెట్టగలడో స్టాప్‌వాచ్‌తో చూస్తారు. ఇందులో భయపడాల్సింది ఏముంది? మాటలు రాని పసివాళ్ళకైతే వైన్‌ల్యాండ్ స్కేలు ఉంది. తన అన్నం తను తింటాడా, బట్టలు వేసుకుంటాడా అని తల్లిని అడిగి వేస్తారు దాన్ని. ఇంటర్ తర్వాత ఏ కోర్సులో చేరాలో తేల్చుకోవడానికి ఆప్టిట్యూడ్ పరీక్షలు వేరే ఉన్నాయి. సైన్యంలో చేరాలని ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చిన కుర్రాళ్ళకు బొమ్మ చూసి కథ రాసే పరీక్ష తెలుసు, అది వ్యక్తిత్వానికి సంబంధించింది. డిప్రెషన్‌కు వాడే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదే ప్రశ్నలు, 27కి స్కోరు. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరును కలవమని అర్థం, జబ్బు ఖాయమైపోయిందని కాదు.

చదవడంలో లోపం (డిస్లెక్సియా వంటిది) ఉన్న పిల్లలకు పద్ధతి ఇంకా వేరు. ముందు కళ్ళు, చెవులు చూడాలి. తర్వాత ఐక్యూ, అంటే తెలివితేటల స్కోరు, చూస్తారు. అందులో లోటు లేకపోతే బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వారి పరీక్షలతో చదవడం, రాయడం, లెక్కలు పరిశీలిస్తారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన, 2024 దాకా అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో చెప్పిన పద్ధతి ఇదే. వాటి ప్రకారం ఎనిమిదేళ్ళు నిండాకే సర్టిఫికెట్ ఇచ్చి, 14, 18 ఏళ్ళకు మళ్ళీ చూసేవారు. ఆ ఏడో తరగతి కుర్రాడికి ఈ పరీక్షలన్నీ జరిగాయి. బుద్ధికి ఏ లోటూ లేదని, లోపమంతా చదవడంలోనే ఉందని తేలింది. ఆ కాగితం ఉంటే పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు, రాసిపెట్టే మనిషిని అడగొచ్చు. వేలిముద్రల ఫైలుతో ఇందులో ఏదీ రాదు.

అసలు పరీక్షల్లోనూ బాగుచేయాల్సినవి ఉన్నాయి. ఆ 2018 మార్గదర్శకాల ప్రకారం బుద్ధిమాంద్యంలో వైన్‌ల్యాండ్ స్కోరు 69 అయితే వైకల్యం 50 శాతం, 70 అయితే 25 శాతం అని లెక్కగట్టేవారు. 40 శాతం లేకపోతే చట్టం చెప్పిన రిజర్వేషన్లు ఆ పిల్లవాడికి వర్తించవు. ఏ పరీక్షకైనా నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ అవుతాయి. తెల్లవారుజామున బస్సెక్కి, ఏమీ తినకుండా సదరం (వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే) క్యాంపు వరుసలో నిలబడి అలసిపోయిన తల్లిని అడిగి వేసిన పరీక్షలో ఆ ఒక్క పాయింటుకు అంత బలం ఇవ్వడం అన్యాయం. భాష సంగతీ అంతే. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం డిస్లెక్సియా కోసం తెచ్చిన 'డాలి' పరీక్షలు మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చాయి. ఆ మొదటి వాటిలో తెలుగు లేదు. మన ఒత్తులూ గుణింతాలూ ఉన్న పరీక్ష లేకుండా మన పిల్లల చదువును ఎలా కొలుస్తారు? 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం జాతీయ సంస్థే పనిచేస్తోంది. ఈ పని అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

అసలు పరీక్ష కోసం కూలి పోగొట్టుకుని జిల్లా కేంద్రానికి పోవాలి. నకిలీది మాత్రం బడికే వస్తోంది. అందుకే రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలనూ అడుగుతున్నాను. స్కూళ్ళలో వేలిముద్రల పరీక్షలు పెట్టకూడదని ఉత్తర్వు ఇవ్వండి. భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉన్న సైకాలజిస్టు నెలకు ఒక్కరోజైనా ప్రతి భవిత కేంద్రానికి వచ్చే ఏర్పాటు చేయండి. ఇచ్చే రిపోర్టు తెలుగులో ఉండాలి, అందులో ఏముందో తల్లిదండ్రులకు కూర్చోబెట్టి చెప్పాలి. తల్లిదండ్రులకూ ఒక మనవి. ఎవరు పరీక్ష చేస్తామన్నా ముందు ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. చూపించకపోతే పిల్లవాడి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేయండి.

— భవిత కేంద్రం ఉపాధ్యాయురాలు,
ప్రకాశం జిల్లా