మన వడ్రంగుల సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పత్రం సర్వసభ్య సమావేశంలో ఆమోదం పొందింది, ప్రతి విడిగా మీకు అందింది. మిషన్ మీద వేళ్లు తెగిన ఇద్దరికి సహాయ నిధి నుంచి మందుల ఖర్చు ఇచ్చాం. లేబర్ కార్డు ఇంకా తీసుకోనివాళ్లు కార్యదర్శిని కలవండి. మిగిలిన నివేదికంతా కాల్చిన కట్టె గురించే, అంటే మంట తగలకుండా బాగా వేడి చేసి గుణం మార్చిన (హీట్ ట్రీటెడ్) చెక్క గురించి.

పోయిన వానకాలం దేవరకొండ దిక్కు ఒక ఇంటికి మన సభ్యుడొకరు ఉయ్యాల చేసిచ్చారు. దుకాణంలో ముదురు గోధుమ రంగు చెక్క చూపించి, ఇది హీట్ ట్రీటెడ్, టేకు కంటే గట్టిదని చెప్పారట. నెల తిరగకముందే ఉయ్యాల దూలం నడుమ విరిగింది. పిల్లలు అప్పుడే దిగారు కాబట్టి సరిపోయింది. ఆ ముక్కను ఆయన సమావేశానికి తెచ్చారు. మంచి కట్టె విరిగితే నార లేస్తుంది. ఇది బిస్కెట్ విరిగినట్టు విరిగింది. ఆయన ముఖం చూశాక, ఈ సంగతి అందరం నేర్చుకోవాల్సిందేనని నల్లగొండలో మూడు ఆదివారాలు తరగతులు పెట్టాం. రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్ ఒకరు ఫీజు తీసుకోకుండా చెప్పారు.

కట్టెలో ముఖ్యంగా మూడు పదార్థాలుంటాయి. సెల్యులోజ్ పొడుగాటి పోగుల్లా ఉండి బలాన్నిస్తుంది. లిగ్నిన్ ఆ పోగులను పట్టి ఉంచే బంక. రెండింటి మధ్య ఉండేది హెమీసెల్యులోజ్. నీటిని ఎక్కువగా పట్టుకునేది, వేడికి ముందుగా లొంగేది కూడా ఇదే. వానకాలం తలుపు ఉబ్బి దర్వాజలో బిగుసుకుపోవడంలో దీని పాత్ర పెద్దది.

బట్టీలో 60, 70 డిగ్రీల దగ్గర ఆరబెడితే నీరు పోతుందే తప్ప కట్టె మారదు. వాన పడితే మళ్లీ తేమ తాగుతుంది. ఎగుమతి పెట్టెల మీద హెచ్‌టీ (హీట్ ట్రీటెడ్) ముద్ర కూడా అంతే. కట్టె లోపలి భాగం 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంటే ఆ ముద్ర వేస్తారు. అది పురుగులు చావడానికి. ముద్ర చూసి మోసపోకండి.

అసలు మార్పు 160 డిగ్రీలు దాటాకే. ఫిన్లాండ్‌లో 1990లలో పరిశ్రమగా ఎదిగిన పద్ధతిలో, ఆవిరి నింపిన గదిలో కట్టెను 185 నుంచి 215 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఆవిరి ఉంటే గాలి తగలదు, కట్టె అంటుకోదు. అప్పుడు హెమీసెల్యులోజ్ నుంచి అసిటిక్ యాసిడ్ పుడుతుంది, వెనిగర్‌లో ఉండే పులుపే అది. ఆ పులుపు మిగిలిన హెమీసెల్యులోజ్‌ను ఇంకా వేగంగా తెంపుతుంది. నీటిని పట్టే చోట్లు తగ్గుతాయి, కట్టెను తినే బూజుకు మేత తగ్గుతుంది, లిగ్నిన్ వాటా పెరుగుతుంది, రంగు ముదురుతుంది. అదే పులుపు సెల్యులోజ్ పోగులను కూడా కొంత తెంపుతుంది. ఉయ్యాల విరిగింది అందుకే.

కాబట్టి ఈ కట్టెను గోడ పలకలకు, తలుపు పలకలకు వాడండి. దూలాలకు, మెట్లకు, ఉయ్యాలలకు వద్దు. చీలుతుంది కనుక ముందు డ్రిల్లు వేయాలి. మేకులు తుప్పు పడతాయి కనుక స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే మేలు. చెదలు దీన్ని కూడా తింటాయి, మట్టిలో పాతకండి. ఎండకు రంగు వెలిసిపోతుంది, నూనె పూస్తూ ఉండాలి.

డ్రమ్ముల్లో ఊక పొయ్యి పెట్టి ఇంట్లోనే చేసుకుంటామని కొందరు యువకులు అడిగారు. ఆవిరి, కొలత లేకుండా అది చేయకండి. నిప్పు అంటుకుంటే షెడ్డుతోపాటు ప్రాణాలూ పోతాయి.

సంఘం షెడ్డు కప్పు మీద కాల్చిన ముక్కలు, కాల్చని ముక్కలు జతలుగా కట్టి ఉంచాం. రెండు వానకాలాలు గడిచాక దించి, రందా పట్టి లోపల ఎట్లుందో చూద్దాం. అంతవరకు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు, షెడ్డు తాళం అధ్యక్షుని దగ్గర ఉంటుంది.