14వ పేజీ చింపేయండి

మా బొమ్మల పుస్తకం కొన్నవారు ముందుగా 14వ పేజీ తీయండి. ఇంటి కంప్యూటర్‌లో ర్యామ్ (పని జరుగుతుండగా వివరాలు పెట్టుకునే మెమరీ పట్టీ) మార్చుకోవడం గురించిన పేజీ అది. డీడీఆర్4 అని పేరు రాసి, పక్కన దాని ముందుతరం ర్యామ్ డీడీఆర్3 బొమ్మ వేశాం. తప్పు పూర్తిగా నాదే. బొమ్మలు గీసింది నేనే, ప్రెస్సుకు పంపే రాత్రి ఫైళ్లు తారుమారు చేసిందీ నేనే, ప్రూఫు చూసిందీ నేనే.

తప్పు బయటపడింది కొత్తపట్నం నుంచి. అక్కడి రిటైర్డ్ మాస్టారు ఒకరు తన పాత కంప్యూటర్ విప్పి, లోపలున్న ర్యామ్‌ను పుస్తకం పక్కన పెట్టి చూసుకున్నారు. అచ్చం బొమ్మలాగే ఉంది కదా అని డీడీఆర్4 కొన్నారు. రాత్రి తొమ్మిదింటికి ఫోను. “నాయనా, నీ బొమ్మలో సరిపోయింది, నా డబ్బాలో దిగడం లేదు.”

దిగదు. డెస్క్‌టాప్ ర్యామ్ అయితే డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. మొదటిది 1.5 వోల్టుల మీద, రెండోది 1.2 వోల్టుల మీద పనిచేస్తుంది. ఒకదాని చోట మరొకటి పెట్టకుండా అంచులోని నొక్కును, అంటే చిన్న గంటును, డీడీఆర్4లో కాస్త మధ్యకు జరిపారు. ఆ నొక్కు చూపించడానికే బొమ్మ గీశాను, దాన్నే తప్పు వేశాను. బొమ్మ లేకపోతే మాస్టారు ఎవరినైనా అడిగేవారు. ఉంది కాబట్టే నమ్మారు.

నయం, ఆయన బలంగా నొక్కలేదు. మర్నాడు బస్సులో ఒంగోలులోని మా అంగడికి వచ్చి కంప్యూటర్‌ను బల్లమీద పెట్టారు. కొత్త ర్యామ్ వెనక్కి తీసుకుని డీడీఆర్3 ఇచ్చాను. పాత ర్యామ్ పిన్నులు ఉప్పుగాలికి మసకబారి ఉన్నాయి. పెన్సిల్ చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెడితే అదీ పలికింది. మాస్టారు ఆ రబ్బరును చేతిలోకి తీసుకుని, “ఇది పుస్తకంలో లేదేం?” అన్నారు. నిజమే, లేదు. రెండో భాగంలో ఉంటుంది.

సరైన 14వ పేజీ అచ్చు వేయించాను, అంగట్లో ఉచితంగా ఇస్తాం. కనిగిరి, మార్కాపురం, కందుకూరు వైపువారికి నా ఖర్చుతో పోస్టులో పంపుతాను. పాత పేజీ చూసి ర్యామ్ కొన్నవారు ఇంకా ఉంటే తీసుకురండి, మార్చి ఇస్తాను.

ఇక రెండో భాగం. సంక్రాంతికి అన్నాను, రాలేదు. ఎస్ఎస్‌డీ అధ్యాయం దగ్గర ఆగాను. హార్డ్‌డిస్క్ బదులు వేసుకునే వేగమైన నిల్వ భాగం అది. కంప్యూటర్‌తో అది మాట్లాడే తీరులు రెండు: పాతది సాటా, వేగమైనది ఎన్‌వీఎంఈ. వేలెడంత ఉండే ఎం.2 ఎస్ఎస్‌డీలో రెండు నొక్కులుంటే సాటా, ఒకటే ఉంటే ఎన్‌వీఎంఈ అని రాసుకున్నాను. చాలావరకు నిజమే కానీ ఎప్పుడూ కాదు. సాటా మాత్రమే తీసుకునే స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పెడితే కంప్యూటర్‌కు అది కనబడనే కనబడదు. నొక్కుల లెక్కతో ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణి. అందుకని ఆ పేజీ కొట్టేసి, మదర్‌బోర్డుతో (భాగాలన్నీ అమర్చే పెద్ద పలకతో) వచ్చే పుస్తకంలో ఎక్కడ చూడాలో బొమ్మతో గీస్తున్నాను.

మరో అధ్యాయం తిరగరాయక తప్పలేదు. “ముందు ర్యామ్ పెంచండి” అని మొదలుపెట్టాను. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ ధరలు మండిపోయాయి. ఇప్పుడు నా మాట ఒకటే: ఇంకా హార్డ్‌డిస్క్ మీదే నడిపేవారు ముందు ఎస్ఎస్‌డీ వేయించుకోండి. ర్యామ్ సంగతి తర్వాత.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాక అందరూ అడిగేది విండోస్ 11 గురించే. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే దానికి అర్హత, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. మీది ఆరో తరమైతే ప్రాసెసర్, మదర్‌బోర్డు రెండూ మారిస్తే తప్ప ఏ భాగం మార్చినా ఆ అర్హత రాదని నేనే చెబుతాను. బేరం పోయినా సరే.

కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బా విప్పే బొమ్మలు వేయమని చీమకుర్తి నుంచి ఇద్దరు అడిగారు. గ్రానైట్ దుమ్ము వాటిలో ఎంత పేరుకుంటుందో నాకు తెలుసు. అయినా వేయను. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో కరెంటు మిగిలి ఉంటుంది. చెడిపోతే మొత్తం మార్చుకోవడమే మంచిది.

రెండో భాగానికి ముందే డబ్బు కట్టినవారు ఆగలేకపోతే వెనక్కి తీసుకోవచ్చు. రసీదు పోయినా ఫరవాలేదు, నోటుపుస్తకంలో పేర్లున్నాయి. ఈసారి ప్రూఫు నేను చూడటం లేదు. కొత్తపట్నం మాస్టారు చూస్తున్నారు. మొదటి పది పేజీలు నిన్ననే ఎర్రసిరాతో తిరిగొచ్చాయి.